మండవ వారి కొత్త కోడలు

ఇంట్లో మనుషులూ వస్తువులూ అంతా డేటాబేస్‌లోకి ఎక్కిపోయిన కాలం. దానితో మాట్లాడే భాషలో ఒకసారి రాసింది ఇక మారదు. చారులో ఉప్పు తగ్గితే ఉప్పు వేయడం కుదరదు, ఉప్పున్న కొత్త చారు రాసుకోవాలి, పాత చారూ అలాగే ఉండిపోతుంది. మా వీధిలో ఒకాయన గడ్డం గీసుకుని ఇద్దరయ్యాడు. ఇద్దరికీ వాళ్లావిడే వండుతోంది.

పెళ్లయిన మూడో రోజు అత్తగారు సుభాషిణి ల్యాప్‌టాప్ తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

“అమ్మాయ్ మేదినీ, ఇంటిపేరు మండవ అని మార్చెయ్.”

“మార్చనండీ. నేను గుంటుపల్లి మేదినినే.”

“మండవ అని ఉంటేనే మా కోడలివి. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు.”

“సరే, రాస్తాను అత్తయ్యా. కానీ పాతది చెరగదు. మండవ మేదిని వేరే మనిషిగా పుడుతుంది.”

“పుట్టనీ. నాక్కావాల్సింది ఆవిడే!”

మేదిని ఒక్క వరుస రాసింది. డేటాబేస్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. గుమ్మం మీద కొత్త కోడలి పేరు వెలిగింది.

“ఇదిగోండి మీ కోడలు,” అని ల్యాప్‌టాప్ అత్తగారి చేతికిచ్చి, మేదిని చెప్పులేసుకుంది. “రేపట్నుంచి పొద్దున్నే కాఫీ ఆవిణ్ణే అడగండి. గుంటుపల్లి మేదినికి ఆఫీసుంది.”