కుందేలు సాక్ష్యం

"ఆర్‌సీఎం క్యాథలిక్కుల కుందేలుతోనా? నా కంఠంల ప్రాణం ఉండంగ కాదు," అన్నాడు షాలేమ్‌రాజు, చేతిలో క్యారెట్ ముక్క పట్టుకొని.

గూట్లోని తెల్ల కుందేలు ఆ ముక్క వంక చూడనైనా లేదు. మూలకు జరిగి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆయన పేపర్ మిల్లులో రిటైరై ఇంటిపట్టున ఉంటున్న ఈ పది పన్నెండు రోజుల నుంచీ దానికి ఇదే వరస. తింటే ఓ ఆకు, లేకపోతే అదీ లేదు.

"చచ్చిపోతదండీ," అంది ఆయన భార్య లిదియా. ఆమె కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి. "వెన్నుపూస చేతికి తగుల్తున్నది. పక్కింట్ల సవరయ్య అన్నోళ్ల మగ కుందేలు చింటూ ఉన్నడు గదా. కాసేపు కలిపితే ఏం పోతది?"

"పోయిన క్రిస్మస్‌కు మన క్యారల్స్ ఆటోకు అడ్డంగ వాళ్ల ఆటో పెట్టిండు ఆ సవరయ్య. ఈ సారపాక ఊర్ల ఇంకో కుందేలే లేదా?"

"లేదు. అడివిల ఉన్నయ్. పట్టుకొస్తే ఫారెస్టోళ్లు మిమ్మల్ని గూట్ల పెడ్తరు."

షాలేమ్‌రాజు ప్రొటెస్టెంట్ సంఘపెద్ద. తోడు సంగతి తానే చూసుకోగలననుకున్నాడు. ముందు గూటి పక్కన అద్దం నిలబెట్టాడు. కుందేలు దాన్ని ఒకసారి వాసన చూసి వెనక్కి తిరిగింది. ఓ కోడిపెట్టను తెచ్చి వదిలాడు. అది మేతంతా తిని, కుందేలు ముక్కు మీద పొడిచి పోయింది. చివరికి తానే కుర్చీ వేసుకొని, ఎదురుగా కూర్చుని కీర్తనలు పాడాడు. కుందేలు చెవులు రెండూ వెనక్కి వాల్చేసింది.

"పొద్దంత నేనే ఉంటున్న గదా తోడు! ఇంకేం గావాలె దీనికి?"

లిదియా పక్కింటి వైపు చూసింది.

పెద్దమనిషి బుట్టలో కుందేలును పెట్టుకొని పోతే గల్లీ నవ్వుతుందని, ఆయన ఒక్కడే స్కూటర్ మీద పశువుల దవాఖానాకు పోయాడు. డాక్టర్ ఓ బర్రెకు సూది వేస్తూనే అంతా విన్నాడు.

"కుందేలు గుంపుల బతికే జీవి సార్. ఒంటరిగ ఉంటే బెంగతోనే సగం చస్తది. దాని నెత్తి నాకాలె, బెదిరితే పక్కన ఆనుకొని పండాలె. మీరు చేస్తరా?"

"నేను సంఘపెద్దను."

"అందుకే ఇంకో కుందేలును చూడుండ్రి. ఎవరి ఇల్లూ కాని జాగల, ఎదురుంగ కూసోని, మెల్లమెల్లగ అలవాటు చేయాలె. కొత్తల బాగ కొట్లాడుకుంటయ్."

లిదియా పక్కింటికి పోయి ఒప్పించి వచ్చింది. మరునాడు సాయంత్రం గల్లీ నడిమధ్య రెండు కుర్చీలు పడ్డాయి. రెండు బుట్టలు దిగాయి. ఒక గుమ్మంలో లిదియా, ఇంకో గుమ్మంలో సవరయ్య భార్య ఫ్లోరెన్స్ నిలబడ్డారు.

"మా చింటూ ఆదివారం పూజ టైంల రాడు," అన్నాడు సవరయ్య ఆకాశంతో.

"మా దానికి శుక్రవారం ఉపవాస కూటం ఉంటది," షాలేమ్‌రాజు కరెంటు స్తంభానికి చెప్పాడు.

"రేపు పిల్లలు పుడితే?"

"తల్లిది ఏ సంఘమైతే పిల్లలదీ అదే."

"మా దగ్గర తండ్రిని బట్టే!"

షాలేమ్‌రాజు కోపంగా లేచి, కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయనకంటే ముందు ముగించాలని సవరయ్య గబగబా జపమాల తిప్పాడు. ఇద్దరూ కళ్లు తెరిచేసరికి కుందేళ్లు రెండూ బుట్టల్లోంచి దూకి, ఒకదాన్నొకటి ఆనుకొని, ఒకే తోటకూర కాడను చెరో కొసనుంచి నములుతున్నాయి. కొట్లాటంతా కుర్చీల్లోనే జరిగింది.

రెండో రోజూ అంతే. కుందేలు కడుపునిండా తిన్నది. లిదియా ముఖంలో వెలుగొచ్చింది.

మూడో రోజు పొద్దున షాలేమ్‌రాజు గూట్లో చేయి పెట్టి కెవ్వున అరిచాడు. గడ్డి మీద తెల్లటి బొచ్చు పరిచి ఉంది. దాని మధ్యలో వేలెడంత పిల్లలు, ఎర్రగా, కళ్లు మూసుకొని కదులుతున్నాయి.

"అద్భుతం!" ఆయన గల్లీలోకి ఉరికాడు. "మొన్న కలిపినం, ఇయ్యాల పిల్లలు! ప్రార్థన బలం చూసినవా సవరయ్యా?"

"నీ ఒక్కనిదేనా? గుణదల మాతకు మొక్కింది నేను!" సవరయ్య లుంగీ ఎగగట్టుకుంటూ వచ్చాడు.

"ఈ ఆదివారం సంఘం ముందర నిలబడి సాక్ష్యం చెప్త. మైకుల చెప్త!"

అటు గుమ్మంలో ఫ్లోరెన్స్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లిదియా భర్త చేయి పట్టుకొని పక్కకు లాగింది.

"ఆ సాక్ష్యమొక్కటి చెప్పకుండ్రి. కుందేలు నెల మోస్తదండీ. ఇవి మీరు డ్యూటీకి పోంగ చింటూ వచ్చిపోయిన రోజుల్లవి."