కొవ్వు కరిగింది

స్కానింగ్ మిషను గొట్టంలో ప్రిసిల్లా చేతులు కూడా కదపలేకపోతోంది. తెల్లటి కప్పు ముక్కుకు జానెడు దూరంలో ఉంది. "ఊపిరి బిగపట్టండి" అంటోంది చెవిలో రికార్డు గొంతు.

కొవ్వు అట్లే ఉండనీ ప్రభువా, అని ప్రార్థిస్తోంది ఆమె.

అన్న జకర్యాకు లివర్‌లో సగం ఆమే ఇవ్వాలి. ఇంట్లో ఇంకెవరిదీ సరిపడలేదు. "నాకు భయమైతుంది, నేనియ్య" అని నోరు తెరిచి అనలేకపోయింది. అల్వాల్ చర్చి మొత్తం ఆమెను మెచ్చుకుంటోంది. లివర్‌కు కొవ్వు పట్టిందని, అది కరిగితేనే తీసుకుంటామని మొదటి స్కాన్ తర్వాత డాక్టర్లు వెనక్కి పంపినప్పుడు, ఆమె హాయిగా నిద్రపోయింది.

మర్నాటి నుంచి తల్లి కాపలా షురూ అయింది. అన్నం బంద్. జకర్యా పంపే స్వీటు డబ్బాలను గుమ్మంలోనే లాగేసుకునేది. "వాడు తినలేక నీకు పంపుతుండు. నువ్వు ముట్టకు."

బల్ల బయటికి జరిగింది. డాక్టరు స్క్రీన్ చూసి నవ్వాడు. "కొవ్వు కరిగిందమ్మా. ఇగ ఇవ్వొచ్చు."

బయట వీల్‌చెయిర్‌లో ఉన్న జకర్యా పసుపెక్కిన కళ్లెత్తి చూశాడు.

"ఏమన్నరు చెల్లె?"

"కరిగిందంట అన్న. ఇయ్యొచ్చంట."

అతని మొహం వాడిపోయింది. తల్లి దగ్గరలో లేదని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మరి నేను పంపిన స్వీట్లన్నీ ఏం జేసినవే? నువ్వు భయపడుతున్నవని నాకెర్కనే. తిని తప్పించుకుంటవనే కదా పంపిన."