పచ్చ స్టిక్కర్లు

ఆఫీసు మూశాక కరెంటు సామాన్లు పరీక్షించడానికి వచ్చాడతను. కెటిల్‌కి అప్పటికే ‘పాస్’ అని పచ్చ స్టిక్కరు ఉంది. దాని మీద ఇవాళ్టి తేదీ, అదే పని చేసే తోడల్లుడి సంతకం. సిరా ఇంకా తడిగా ఉంది.

తోడల్లుడు షాక్ కొట్టి పోయి నెలైంది.

“పెద్దల్లుడు చిటికెలో ముగిస్తాడు. చిన్నల్లుడు ప్లగ్గు పెట్టేసరికి తెల్లారుతుంది!” అని అత్తగారు నవ్వేది. అది ఓర్వలేకే అతను తోడల్లుడు ప్లగ్గులు గుచ్చి పరీక్షించే టెస్టరు పెట్టెలో, షాక్ తగలకుండా కాపాడే ఎర్త్ వైరు పీకేశాడు.

ప్రింటరుకీ, ఫ్యానుకీ పచ్చ స్టిక్కర్లే. భయం కంటే ముందు కడుపు మండింది. చచ్చి కూడా నాకంటే ముందేనా?

పక్క గదిలో ఫ్రిజ్ మూలుగుతోంది. దానికింకా స్టిక్కరు లేదు. పరిగెత్తి, దాని ప్లగ్గు తన టెస్టరుకి గుచ్చాడు. బటన్ నొక్కుతుండగా తన పెట్టె మీదే ఎర్ర స్టిక్కరు కనిపించింది.

‘ఫెయిల్. ఎర్త్ లేదు, తమ్ముడూ.’