గోంగూర మొక్కు

“ఒకటి పాయింట్ ఆరు,” అంది ల్యాబులో భవ్య, కాగితం చూస్తూ.

కోటేశ్వరరావు మొహం మాడిపోయింది. పక్కన నిలబడ్డ ధనమ్మ మొగుడి వంక కొరకొరా చూసింది.

“రెండున్నర దాటాలి బాబాయ్. గుండెలో పెట్టింది ఇనప కవాటం. రక్తం పలచగా ఉంటేనే దానికి మంచిది. చిక్కబడిందా, కవాటం మీద గడ్డకడుతుంది. ఆ గడ్డ తలకెక్కిందంటే కాలూ చెయ్యీ పడిపోతాయి. ఆకుకూరలు ఎక్కువ పోతున్నాయేమో చూసుకోండి. ముఖ్యంగా గోంగూర.”

గోంగూర అనే మాట వినగానే కోటేశ్వరరావు నేలచూపులు చూశాడు.

నరసరావుపేటలో ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. ఆపరేషన్ గట్టెక్కితే ఏడాదిపాటు గోంగూర ముట్టనని కోటప్పకొండ మెట్లెక్కి మొక్కుకున్నాడు. అందరూ తలనీలాలు ఇస్తారు. అవి మళ్లీ మొలుస్తాయి, ఇబ్బంది లేదు. పల్నాటి మనిషి గోంగూర మానేయడమంటే మాటలా! అయినా మొక్కేశాడు. ఆపరేషన్ లక్షణంగా గట్టెక్కింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కూడా గోంగూర జోలికి పోవద్దన్నాడు. దేవుడూ డాక్టరూ ఒకే మాట మీద నిలబడితే మనిషి ఎక్కడికి పోతాడు?

జాన్ సాహెబ్ దగ్గరికి పోతాడు.

జాన్ సాహెబ్‌ది పక్కనే మిక్సీల రిపేరు కొట్టు. ఆయన భార్య గుల్షన్ పెట్టే క్యారేజీలో గోంగూర పచ్చడి లేని రోజుండదు. రోట్లో నూరింది, పైన వెల్లుల్లి తాలింపు. మూత తీస్తే వీధి వీధంతా ఆకలేస్తుంది.

“ఏందన్నా, అట్లా చూస్తా కూర్చుంటే కడుపు నిండుద్దా? ఒక్క ముద్దకు ఏం గాదులే,” అన్నాడు జాన్ సాహెబ్ ఒకరోజు.

ఒక్క ముద్ద అయింది. మర్నాడు రెండయ్యాయి. కోటన్నకు ఇష్టమని తెలిసి గుల్షన్ ఏకంగా డబ్బా నిండా పంపడం మొదలుపెట్టింది. వద్దనడానికి మొహమాటం. స్కూటరు డిక్కీలో దాచి ఇంటికి తెచ్చాడు.

ధనమ్మది మామూలు ముక్కు కాదు. డిక్కీ తెరవకుండానే పట్టేసింది.

“ఏందండీ ఇది? కొండెక్కి చేతులెత్తి మొక్కింది ఎవరు? సిగ్గు లేదా మీకు?” అంటూ డబ్బా లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత వచ్చిన డబ్బాను ఆయన బియ్యం డ్రమ్ము వెనక దాచాడు. పట్టేసింది. కూలర్ కింద దాచాడు. అదీ పట్టేసింది. దొంగను పట్టిన పోలీసుకు కూడా అంత ఆనందం ఉండదు.

మాత్ర విషయంలో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. సాయంత్రం ఆరింటికి ఆయన ఫోనులో అలారం మోగేది. కొట్లో బేరం సగంలో ఉన్నా వదిలేసి ఇంటికి పరుగు. ఆరూ పదికల్లా రక్తం పలచన చేసే మాత్ర పడాల్సిందే.

ఇంత చేసినా ఒకటి పాయింట్ ఆరు! ల్యాబు నుంచి ఇంటికి రాగానే కోటేశ్వరరావు మంచం మీద కూలబడి ఏడ్చేశాడు.

“పాడు నాలిక! అంతా నేనే చేశా. రేపు ఏమన్నా అయితే ఎట్లనే ధనం?”

ధనమ్మ మనసు కరిగింది. “ఊరుకోండి, ఏం గాదు. ఇంక ఆ డబ్బా వచ్చిందంటే మూత తియ్యకుండా నా చేతికియ్యండి. నేను చూసుకుంటా.”

ఆయన ఆ మాట మీద నిలబడ్డాడు. జాన్ సాహెబ్ క్యారేజీ విప్పితే లేచి వీధిలోకి వెళ్లిపోయేవాడు. ఇంటికి డబ్బా మాత్రం వస్తూనే ఉంది. గుల్షన్‌ది పెద్ద చెయ్యి. మూత కదిలించకుండా తెచ్చి ధనమ్మకు అప్పగించేవాడు. ఆమె వంటింటి తలుపు దగ్గరగా వేసేది. కాసేపటికి కడిగిన డబ్బా బయటికొచ్చేది.

“పారబోశావా?” అని అడిగేవాడు.

“అయిపోయింది లెండి,” అనేది.

డాక్టరు మాత్ర డోసు పెంచాడు. మూడు వారాలు గడిచాయి. మళ్లీ ల్యాబు. భవ్య సూది తీయగానే కోటేశ్వరరావు కళ్లు గట్టిగా మూసుకుని “అబ్బా!” అన్నాడు.

“ఇంకా గుచ్చనే లేదు బాబాయ్,” అంది భవ్య నవ్వుతూ.

రిపోర్టు చూశాక ఆ పిల్ల నవ్వలేదు. ఒకటి పాయింట్ రెండు. “చానా తక్కువ. ఇప్పుడే డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి,” అంది.

ఆటోలో కోటేశ్వరరావు కొండ వైపు తిరిగి నాలుగుసార్లు చెంపలు వేసుకున్నాడు.

డాక్టరు రిపోర్టు చూసి అదిరిపడ్డాడు. “మాత్ర డోసు పెంచినా ఇదేంటి? నిజం చెప్పండి. గోంగూర తింటున్నారా?”

ధనమ్మ పైన తిరిగే ఫ్యాను వంక చూసింది.

కోటేశ్వరరావు లేచి చేతులు జోడించాడు. “నేనే సార్! పోయిన నెల్లో పదిహేను రోజులు తిన్నా. ఈ నెల్లో తినలేదు గానీ, సోమవారం ఆగలేక మూతకు అంటింది ఒక్కసారి వేలితో తీసి నాకా. తప్పంతా నాదే. ఏ శిక్ష వేసినా పడతా. ఆ నెంబరు మాత్రం పెంచండి సార్!”

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“కోటేశ్వరరావు గారూ, గోంగూర మీరు తింటే, గుండెకు ఆపరేషన్ చేయించుకున్న మీ ఆవిడ రక్తం ఎట్లా చిక్కబడుతుందండీ?”