సీసం లేని తూటాలు

“సీసం బొత్తిగా ఉండదంటారా?” అని మళ్ళీ అడిగింది శ్యామల.

“బొత్తిగా ఉండదు. పైపూత కాదు, లోపలా బయటా రాగే,” అన్నాడు ఆంజనేయప్రసాద్, తూటా మొనను రెండు వేళ్ళతో ఎత్తి ఆమె కళ్ళముందు తిప్పుతూ. మందూ తొడుగూ లేని ఒట్టి మొన అది. మిగతావి ఇంట్లో తనే కూర్చుకుంటాడు.

వాన్ అనే ఊళ్ళో గిడ్డంగుల మధ్యనున్న ఆ తుపాకుల దుకాణానికి ఆమె రావడమే ఒక విశేషం. ఈ దేశంలో ప్రభుత్వం చేతి తుపాకుల అమ్మకాలు ఆపేయకముందు, లైసెన్సు మీద అతడొక చిన్న పిస్తోలు కొన్నాడు. షూటింగ్ రేంజ్‌లో గురి చూసి కాల్చుకోవడానికి తప్ప మరెందుకూ దాన్ని వాడకూడదు. అయినా రిచ్‌మండ్ హిల్‌లోని తమ వీధిలో రెండిళ్ళ అవతల దొంగలు పడ్డ నాటినుంచీ, అతడి దృష్టిలో అది ఆత్మరక్షణాయుధమైపోయింది. శ్యామల దృష్టిలో మాత్రం అది ఇంట్లో ఉండరాని వస్తువు. “పోలీసులకి ఇచ్చేయండి, లేకపోతే నేనే ఫోన్ చేసి తీసుకెళ్ళమంటాను,” అని పోయిన నెల తేల్చి చెప్పింది. అప్పటినుంచీ అతడికి ఆమె మనసు మార్చడమే పని.

ఆ పొద్దున స్కార్‌బరో కొట్లో సరుకులు కొంటున్నప్పుడు కూడా ఒక చిన్న పేచీ వచ్చింది. ఆమె ముచ్చటపడి తీసిన రాగి సీసాను అతడు తిరిగి అరలో పెట్టించాడు. “కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవాడి ఇంట్లో ఈ చాదస్తాలేమిటి? మట్టికుండ ఉందిగా,” అన్నాడు. ఆమె అలగలేదు. పైగా, తూటాల కొట్టుకు తానూ వస్తానంది. అతడికది శుభసూచకంగా తోచింది.

“చిన్న పిస్తోలుకి గొట్టం పొట్టి, తూటాకి వేగం చాలదు,” అని గొంతు తగ్గించి వివరించాడు. “మామూలు సీసం తూటా అయితే, దొంగ చలికోటు గుడ్డ దాని ముక్కులో ఇరుక్కుని, విచ్చుకోకుండానే పోవచ్చు. ఇది అలా కాదు. ముక్కులో గుంట చూశావా? నీళ్ళల్లోకి పోతే పువ్వులా విచ్చుకుంటుంది. ఒక్క రేకు రాలదు.”

“నీళ్ళల్లోనా?”

“వీటిని పరీక్షించేదే నీళ్ళ తొట్టెలో.”

“తుప్పు పట్టదూ?”

“రాగికి తుప్పేమిటి? మహా అయితే నల్లబడుతుంది.”

ఇంతటి ఆసక్తి ఆమెలో ఎన్నడూ చూడలేదు. అతడి గొంతులో లెక్చరర్ల ధోరణి వచ్చేసింది.

“అయితే ఆత్మరక్షణకి…” అని ఆమె కాస్త పైకి అనబోయింది.

“ఆ మాట ఇక్కడ అనకు. టార్గెట్ ప్రాక్టీస్ అను.”

“సరే, టార్గెట్ ఇంట్లోకొచ్చిందనుకోండి. మీరు బేస్‌మెంట్‌లోకెళ్ళి, బీరువా తాళం తీసి, ట్రిగ్గర్ తాళం తీసి పైకొచ్చేదాకా అతన్ని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇవ్వాలా నేను?”

“అన్నిటికీ వెటకారమే నీకు.”

“అడిగి పెట్టుకుంటే మంచిది కదా. ఫిల్టరా, ఇన్‌స్టెంటా?”

దుకాణదారు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకదానికి నల్లటి నున్నని పూత. రెండోది పూత లేని ఎర్రని రాగి. శ్యామల ఒక్క క్షణం కూడా తటపటాయించక రెండోదాన్ని ముందుకు జరిపింది.

“ఇవే తీసుకోండి. కానీ ఒక మాట. ఇవి ఇంట్లో ఉన్నాక కూడా మీరు రాత్రిళ్ళు లేచి కిటికీలు చూస్తూ తిరిగారో, పిస్తోలు పోలీసులకి వెళ్ళిపోవాల్సిందే.”

“తిరగను,” అని మాటిచ్చాడు. ఇంత సులువుగా గెలుస్తానని అతడనుకోలేదు.

మందు లేని మొనలకు తాళం అవసరం లేదు కనుక, పెట్టెను బేస్‌మెంట్ సొరుగులో పెట్టాడు. ఆ సాయంత్రం శ్యామల చింతపండు నానబెట్టింది. రాత్రి కంచంలోకి మాత్రం పులుసు కాక పప్పూ, బీరకాయ వేపుడూ వచ్చాయి.

మాటిచ్చినట్టే అతడు నిద్రపోయాడు. మొదటి రాత్రి పట్టుదలతో, ఆ తరువాత హాయిగా. కింద సొరుగులో రాగి తూటాలున్నాయన్న తలపే అతడికి జోలపాట అయింది.

“చూశావా శ్యామలా, ఇంట్లో సరైన సరంజామా ఉంటే మనిషికెంత నిశ్చింతో. కడుపులో మంట కూడా తగ్గింది,” అన్నాడొక ఉదయం, కుండలోంచి ఆమె ముంచిచ్చిన నీళ్ళు గటగటా తాగుతూ.

“అదే నేనూ చూస్తున్నా,” అంది శ్యామల.

శనివారం రేంజ్‌కి బయలుదేరదీయడానికి హేమచంద్ర వచ్చాడు. అతడూ అదే రేంజ్‌లో సభ్యుడు, చాలాకాలపు స్నేహితుడు. ముందు నాలుగు తూటాలు కూర్చుకుందామని ఇద్దరూ బేస్‌మెంట్‌లోకి దిగారు. ఆంజనేయప్రసాద్ సొరుగు లాగి పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. బరువే లేదు. మూత తీశాడు. ఖాళీ.

బీరువా తెరిచి చూశాడు. పిస్తోలు భద్రంగానే ఉంది.

“దొంగ పడ్డాడు,” అన్నాడు.

“పిస్తోలు వదిలేసి, మందు లేని బుల్లెట్లు పట్టుకెళ్ళాడా? ఎవడన్నయ్యా ఆ తిక్కలోడు?” అన్నాడు హేమచంద్ర.

“నవ్వకు. మేం నిద్రపోతుంటే ఇంట్లో తిరిగాడంటే ఏమిటర్థం?”

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వంటింట్లోకి వచ్చేసరికి అతడికి ఊపిరి అందడం లేదు. శ్యామల తొణక్కుండా కుండ మూత తీసి, చెరొక గ్లాసు ముంచి ఇచ్చింది. హేమచంద్ర సగం తాగి, “చల్లగా ఉన్నాయి వదినా,” అన్నాడు. ఆంజనేయప్రసాద్ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు.

“శ్యామలా, పోలీసులకి ఫోన్ చెయ్యి. తూటాలు పోయాయి.”

“ఎక్కడికీ పోలేదు. మీరు చెప్పారు కదా అని రోజూ మూత తీసి చూస్తున్నా,” అంది శ్యామల.

“ఏం చూస్తున్నావు?”

“వారం నుంచీ కుండలోనే ఉన్నాయండీ, ఒక్కటీ విచ్చుకోలేదు.”