పేలని ఇరవై రెండేళ్లు

“ఇరవై రెండేండ్లల్ల మీరు చూపిచ్చిన ఫలితం ఏంది మేడమ్?” ఫైలు ముందుకు తోస్తూ అడిగాడు దేవదాస్. హైదరాబాద్ నుంచి వచ్చిన తనిఖీ అధికారి. వరంగల్‌లోని ఈ ల్యాబును ఉంచాలో మూసేయాలో ఆయన సంతకమే తేల్చాలి.

“పేలలేదు సార్,” అంది ఆసిమా.

“అదే అంటున్న. పేలుడు పదార్థాల సైంటిస్టు పేలలేదని చెప్తే ఎట్ల?”

ఆసిమాకు ఒళ్లు మండింది. ఈ మాట ఎందరికని చెప్పాలి?

“క్వారీల మనం మీట నొక్కితేనే పేలాలె సార్. కిందపడ్డా, నిప్పంటుకున్నా పేలొద్దు. కూలోళ్ల పానాలు పోయేది గట్లనే. దాన్ని ఆపెటందుకే గదా నా తిప్పలు.”

“పది కిలోలే కాల్చి చూపిస్తే ఎవరు నమ్ముతరు?” అంటూ పెన్ను తీశాడు.

క్వారీలో వాడి చూడటానికి ఒప్పుకున్నా, ఎక్కువ మొత్తంలో కాల్చి చూస్తామంటే పదేళ్లుగా అనుమతి ఇవ్వనిది ఈయన ఆఫీసే. సంతకానికున్న బలం సైన్సుకు ఎక్కడిది? తన వయసంతా ఈ గోడల మధ్యే గడిచిపోయిందని తలచుకుంటే ఆసిమాకు ఏడుపొచ్చింది.

“జర జల్ది కానిద్దాం. ఇంటామె, బిడ్డ కార్ల కూసున్నరు,” అన్నాడు దేవదాస్. “పాలకుర్తిల మొక్కు తీర్చుకొని వస్తాంటే మా కండ్ల ముందే లారీ తగలబడ్డది. పానం ఇంకా కుదుటపడలె.”

“అయ్యో. బాగా దగ్గరనా సార్?”

“పది గజాలు. ముందు బండ్లు, వెనక బండ్లు. ఎటూ కదలరాలె. ఆ డ్రైవరేమో దూరం ఉరుకుండ్రి అని ఒక్కటే మొత్తుకునుడు. గంత పొగల ఎటు ఉరుకుతం? నా బిడ్డ నన్ను గట్టిగ పట్టుకున్నది. అరగంట కాలి, దానంతటదే ఆరిపోయింది. అంతా దేవుని దయ.”

ఆయన పెన్ను కాగితానికి ఆనించేసరికి ఆసిమా ఫోన్ మోగింది. పొద్దున ఈ ల్యాబులో చేసిన పేలుడు మందును క్వారీకి తోలుకుపోయిన డ్రైవర్ యాకయ్య. అతని గొంతు బల్ల అవతలికీ వినిపించింది.

“మేడమ్, పాలకుర్తి రోడ్డు మీద మన లారీ కాలిపోయింది. రెండు టన్నుల మందు బూడిదైంది. ఒక్క పెట్టె గూడ పేలలె.”