స్లాబు రోజు వాన

“ఆ మూల ఇంకా కప్పలేదేంటయ్యా? వాన మీకోసం ఆగుతుందా?” కింద నుంచి పెద్దావిడ కేకేసింది. పైన ఉన్న మేస్త్రీ ఎలీయాజరు ఆ మూలకు పరిగెత్తాడు.

భీమడోలులో బస్టాపు పక్కనే కామేశ్వరి కట్టుకుంటున్న ఇంటికి ఆ రోజే స్లాబు. పోత పూర్తయి గంట కాలేదు, పడమట మబ్బు కమ్ముకొచ్చింది. పచ్చి స్లాబు మీద వాన పడితే సిమెంటు పాలు కారిపోయి కంకర తేలుతుంది. పదేళ్లుగా అద్దింట్లో, చినుకు పడితే చాలు గిన్నెలు పరుచుకున్న మనిషి కామేశ్వరి. సొంతిల్లూ కారుతుందేమోనని ఆమె భయం. భర్త చూస్తే ఏలూరులో డ్యూటీలో ఉన్నాడు.

ఉన్న టార్పాలిన్ బరకాలు స్లాబులో సగానికే వచ్చాయి.

“రోడ్డు మీద ధాన్యం ఎత్తేశారుగా. ఆ రైతుల్నడిగితే ఖాళీ బరకాలిస్తారు. అలా గుడ్లప్పగించి నిలబడ్డావేంటమ్మా?” అంది పెద్దావిడ.

“అలాగేనండీ.” కామేశ్వరి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. మాట కరుకే గానీ, ఆ సమయానికి అదే కొండంత ధైర్యంగా ఉంది.

రైతులు నాలుగు బరకాలిచ్చారు. మేస్త్రీ పరవబోయాడు.

“కాంక్రీటుకి అంటుకోనివ్వకయ్యా. స్తంభాల చువ్వలకి సరుగుడు బాదులు కట్టి, పైన వాలుగా వెయ్యి. నీళ్లు బయటికి పోవాలా వద్దా?”

“అలాగేనమ్మా,” అన్నాడు ఎలీయాజరు.

పాతికేళ్లుగా ఇళ్లు కడుతున్నవాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తల్లంటే ఎంత గౌరవమో అని కామేశ్వరికి ముచ్చటేసింది.

ఆఖరి తాడు బిగించారో లేదో, వాన దంచి కొట్టింది. అందరూ పక్కనున్న టీకొట్టు చూరు కిందికి చేరారు. అరగంటకు తెరిపిచ్చింది. మేస్త్రీ పైకెక్కి బరకం ఎత్తి చూశాడు.

“ఒక్క చుక్క దిగలేదండీ,” అన్నాడు నవ్వుతూ.

కామేశ్వరికి కళ్లనీళ్లు తిరిగాయి. అందరికీ టీలు చెప్పి, మొదటి గ్లాసు పెద్దావిడ చేతికే ఇచ్చింది. ఆవిడ రెండు గుక్కలు తాగిందో లేదో, గూడెం బస్సు వచ్చి ఆగింది.

“వస్తానమ్మా. రేపు పొద్దున్నే స్లాబు మీద మడులు కట్టి నీళ్లు పెట్టించు,” అంటూ సంచి చంకన పెట్టుకుని బస్సెక్కేసింది.

కామేశ్వరి నొచ్చుకుంది. “ఇంత సాయం చేశారు, భోజనం చేసి వెళ్తే బాగుండేది. మీ అమ్మగారికి మీరైనా చెప్పొచ్చు కదండీ, మేస్త్రీగారూ.”

ఎలీయాజరు టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆవిడ మీ అత్తగారు కాదా అండీ?”